నాలుగు చుక్కల చేదు

రోజు 2211

ఇవాళ మూడో మడి వాళ్ళ కొలత. అరవై ఇద్దరు. వేలికి సూది గుచ్చి, నెత్తురు బొట్టు కాగితానికి అద్ది, పెట్టెలో పెడితే కాసేపటికి అంకె వెలుగుతుంది. అదే ఒంటి వయసు. పుట్టిన వయసు మా ఉప్పుకట్టలో ఎవరికీ అక్కర్లేదు. ఎవరినైనా అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని మరీ చెబుతారు. నేనిక్కడ కొలతదాన్ని. ఆరేళ్ళుగా ఇదే గది, ఇదే పెట్టె, ఇదే ఎర్ర అట్ట పుస్తకం. పెట్టె మీద అంకె కాసేపు వెలిగి ఆరిపోతుంది, దాన్ని చూసి నేను పుస్తకంలో రాస్తాను. నేను రాసిందే ఆ మనిషి వయసు. పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదు కాబట్టి, మిగతావన్నీ వాడేసిన కొలత కాగితాల వెనకవైపు ఇలా రాసుకుంటున్నాను.

సాయంత్రం పక్క వరసలో గవరయ్య ఇంట్లో వరస మార్పు. గవరయ్య నీళ్ళ బండి తోలతాడు. అతని తమ్ముడు సూరీడు మడిలో పాత ఫ్యాక్టరీల మడ్డి గీకుతాడు. మొన్నటి కొలతలో గవరయ్యకి నలభై ఒకటి, సూరీడుకి నలభై మూడు. అంటే తమ్ముడు పెద్దవాడైపోయాడు. కాబట్టి గవరయ్య చెంబుతో తమ్ముడి కాళ్ళు కడిగి, అందరి ముందూ "అన్నా" అన్నాడు. ఇకమీదట ఆ ఇంట్లో సూరీడు మాటే చెల్లుతుంది, కంచం ముందు అతనికే పెడతారు. అందరూ చప్పట్లు కొట్టారు. సూరీడు మాత్రం కాళ్ళు వెనక్కి లాక్కుంటూనే ఉన్నాడు.

నా చెల్లెలు ఎర్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దానికి పుట్టిన వయసు ఇరవై నాలుగు. నాకంటే ఏడేళ్ళు చిన్నది, మూడో మడిలో పని. దాని ఏడో ఏట అమ్మ పోతే నేనే పెంచాను. మావైపు అక్కని అప్పా అంటారు. చెంబు కనపడకపోతే "అప్పా" అంటుంది, కనపడినా "అప్పా" అంటుంది. రోజుకి నలభై సార్లు విని విని నాకు విసుగు. ఇవాళ ఇంటికొస్తూ ఒక్కసారి కూడా పిలవలేదు.

రోజు 2226

ఎండ నలభై తొమ్మిది డిగ్రీలు. మడిలో ఇద్దరు పడిపోయారు.

కొలతకి ఎర్నమ్మ చివర కూర్చుంది. ముప్ఫై ఆరు. నాది ముప్ఫై నాలుగు.

వడదెబ్బకి, జ్వరానికి, పురుటికి అంకె ఎగురుతుంది, తర్వాత దిగుతుంది. ఇది నాకు తెలిసిన సంగతే. ఒంటికి ఒత్తిడి తగిలినప్పుడు వయసు ముందుకు పరిగెత్తి, విశ్రాంతి దొరికితే కొంత వెనక్కి నడుస్తుంది. బాలింతల అంకెలు పదేళ్ళు పెరిగి మళ్ళీ తగ్గడం ఈ పెట్టెలోనే ఎన్నోసార్లు చూశాను. అందుకని అది చూడకముందే అంకెకి చెయ్యి అడ్డం పెడదామనుకున్నాను. చూసేసింది.

"రాయకే అప్పా," అంది. "ఈ ఒక్కపాలికీ రాయకు. ఎండకి పెరిగినాది. దిగిపోద్ది."

"తప్పు కదే."

"నువ్వు నా కాళ్ళు కడుగుతావేటి? నన్ను అప్పా అంతావేటి? నాను సచ్చిపోతాను."

పుస్తకంలో ముప్ఫై రెండు రాశాను. దాని కోసమే రాశానని అప్పుడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నన్ను ఎవరైనా చెల్లీ అని పిలవడం నాకూ ఇష్టం లేదు. పధ్నాలుగేళ్ళ పిల్లనై ఒక పసిదాన్ని పెంచాను. ఆ పిలుపొక్కటే నేను సంపాదించుకున్నది.

రోజు 2241

ఎండ తగ్గింది. ఎర్నమ్మ అంకె తగ్గలేదు. నలభై ఒకటి. మళ్ళీ ముప్ఫై రెండే రాశాను.

రోజూ పొద్దున్నే మడులకి దిగేముందు చేదు వేసేది కూడా నేనే. మడ్డిలోంచే తీసిన విషం అది, బాగా పలచన చేసి సీసాలో పోస్తారు. కొంచెం కొంచెంగా పడితే ఒళ్ళు దానితో పోట్లాడుతూ తనని తాను బాగుచేసుకోవడం నేర్చుకుంటుంది. అది లేకపోతే మా తాతల కాలం మందుల ఫ్యాక్టరీల మడ్డి మధ్య మేము పదేళ్ళు కూడా బతకలేం. కానీ పోట్లాడే సత్తువ వయసుని బట్టి ఉంటుంది. నలభై లోపు నాలుగు చుక్కలు. నలభై నుంచి యాభై దాకా రెండు. యాభై దాటితే చుక్క వేయకూడదు, మనిషిని మెట్ట మీదికి పంపెయ్యాలి. అక్కడి గాలి సముద్రం వైపు నుంచి రాదు. అక్కడ ఏడాదికి ఏడాదే వయసు పెరుగుతుంది. అయితే అరవై దాటిన ఒంటిని మెట్ట వాళ్ళు తీసుకోరు. ఇక కోలుకోదు, చోటు దండగ అంటారు.

వరసలో అందరూ వినేలా పేరూ చుక్కలూ చెప్పాలి. "ఎర్నమ్మ, నాలుగు," అన్నాను. అది నాలుక చాపింది. వేశాను. రెండంటే వెనకనున్న వాళ్ళకి తెలిసిపోతుంది, పుస్తకం తెరుస్తారు.

రోజు 2256

ఇవాళ మళ్ళీ కొలత.

మూడో మడిలో ఈమధ్య మడ్డి కొత్త పొర తవ్వుతున్నారు. ఎండల్లోనే మరో ముగ్గురి అంకెలు కూడా ఎగిరాయి. నలభై రెండు, నలభై మూడు, నలభై అయిదు. నిజాయితీగా రాశాను, రెండు చుక్కలకి తగ్గించాను. ఇవాళ కొలిస్తే ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై ఒకటి. ముగ్గురూ దిగారు. అదే మడి, అదే పొర, అవే పారలు.

ఎర్నమ్మ నలభై ఏడు.

తేడా ఒక్కటే. దానికి మాత్రం నాలుగు చుక్కలు. ఎండలో మొదలైంది ఎండతో పోయేది. ఈ పదిహేను రోజులుగా దాన్ని ముసలిదాన్ని చేస్తున్నది మడ్డి కాదు, నేను. ప్రతి పొద్దునా నాలుక చాపమని అడిగి మరీ వేస్తున్నాను.

గదిలో వాంతి చేసుకున్నాను. తర్వాత నేల తుడిచి, ముప్ఫై మూడు రాశాను.

రోజు 2258

మొన్న రాత్రి ఇంట్లో ఎర్నమ్మకి చెప్పాను.

"మరైతే మింగకుండా ఊసీస్తాను," అంది, ఏదో పిన్నీసు పోయినట్టు తేలిగ్గా.

ఊస్తే ఎక్కడ ఊస్తుంది? మింగి, నోరు తెరిచి ఖాళీ నాలుక చూపించాకే ముసుగు కట్టుకోవాలి. నిన్న నేను చెయ్యి వణికినట్టు నటించి రెండు చుక్కలు గడ్డం మీద పడేశాను. వెనక నుంచి ఒక ముసలామె "అయ్యో, పారబొయ్యకే తల్లీ" అని వేలితో తీసి దాని నోట్లో పెట్టింది. ఇవాళ అది నాలుక కింద దాచుకుని మడి దగ్గర ఊసిందట. చేదు అప్పటికే నోట్లో ఇంకిపోయింది. నాలుక పొక్కింది.

"అంకె ఒక్కసారి దిగితే సాలు," అంటుంది. "ఎవులికీ తెలీదు. ఇంకో కొలత సూద్దుమా?"

చూద్దామన్నాను. ఆ మాట అన్న నోటిని ఏం చెయ్యాలో తెలియడం లేదు.

రోజు 2271

యాభై రెండు.

ఇవాళే మెట్టకి పంపెయ్యాలి. కానీ పుస్తకంలో దాని వయసు ముప్ఫై మూడు. పదిహేను రోజుల్లో పంతొమ్మిదేళ్ళు ఏ మడ్డీ పెంచదు, మడుల మేస్త్రికి ఇట్టే అర్థమైపోతుంది. కొలత తప్పు రాసినవాళ్ళని మడికి దింపుతారు, పదేళ్ళపాటు మెట్ట తలుపు మూసేస్తారు. మడిలో ఏడాదికి మూడేళ్ళు, నాలుగేళ్ళు పెరుగుతాయి. ముప్ఫై నాలుగుకి పదేళ్ళ మడి కలిపి చూసుకున్నాను, అరవై దాటిపోతోంది.

నేను దాని కోసం ఆగలేదు. నా కోసం ఆగాను. భయమేసింది. ఇంకొకళ్ళ గురించి రాసినట్టు రాసుకోవడం ఎందుకు, భయమేసి ముప్ఫై మూడు అనే రాశాను.

రోజు 2280

ఎవరూ గమనించడం లేదు. మా కట్ట మీద ముఖం చూసి వయసు చెప్పలేం, ఉప్పుగాలికి అందరి చర్మమూ ఒకలాగే ఉంటుంది, పైగా పొద్దస్తమానం ముసుగులూ తలగుడ్డలూ. ఇంట్లో మాత్రం కనపడుతుంది. సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది. మెట్లు దిగేటప్పుడు ముందు గోడ పట్టుకుని, తర్వాత కాలు వేస్తోంది. బియ్యం రెండుసార్లు ఏరింది, రాళ్ళు కనపడలేదట.

సెలవు పూట కదా అని తల దువ్వమంది. తలగుడ్డ విప్పితే పైన పూసుకున్న మసి, కింద మొత్తం తెలుపు. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అది అద్దం తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"సూడే అప్పా," అంది నవ్వుతూ. "నాకు అమ్మ మొకం వచ్చీసింది."

అమ్మ చివరి కొలత యాభై అయిదు. అప్పుడు మెట్టకి పంపే పద్ధతి లేదు. అమ్మ ఇదే గుమ్మంలో కూర్చుని, ఇలాగే తల దువ్వించుకుని, ఆ వారంలోనే పోయింది. ఎర్నమ్మకి అది గుర్తులేదు. నాకు గుర్తుంది.

రేపటికి మించి ఆగను.

రోజు 2281

పొద్దున వరసలో ఎర్నమ్మ తొమ్మిదోది. ఎనిమిది మందికి వేశాను. దాని వంతు వచ్చింది, నాలుక చాపింది. నేను సీసాకి మూత పెట్టాను.

"ఎర్నమ్మ, చుక్క లేదు," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. బిందెలోంచి చెంబుతో నీళ్ళు తీసి దాని కాళ్ళ మీద పోశాను. ముందు అనుకున్న మాటలన్నీ పోయాయి, ఒక్కటే మిగిలింది. "అప్పా, నోరు ముయ్యి," అన్నాను.

అది రెండు చేతులతో నా నోరు మూసేసింది. "అలాగ పిలవకే. నీ కాళ్ళు పట్టుకుంతాను, అలాగ పిలవకు," అని ఏడ్చింది. ఈ కట్ట మీద వరస మార్పుకి చప్పట్లు కొట్టకపోవడం నేను ఇదే చూడటం.

మేస్త్రి సన్యాసినాయుడు వచ్చాడు. పుస్తకం చూశాడు, మళ్ళీ కొలవమన్నాడు. సూది నేనే గుచ్చాను. అందరం పెట్టె చుట్టూ నిలబడ్డాం.

అరవై ఒకటి.

నాయుడు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. "ఆలీసం సేసీసినావు కదమ్మీ," అన్నాడు. "అరవై దాటిపోనాది. తలుపు దగ్గరే ఆపీసి తిప్పి పంపీస్తారు."

"ఇందులో ఒత్తిడికి పెరిగిందీ ఉంది బాబూ," అన్నాను. "వారం రోజులు మంచి గాలీ, చుక్క లేకుండా ఉంటే కొంత దిగుతుంది. ఎంత దిగుతుందో నేను చెప్పలేను. వాళ్ళని వారం ఆగి కొలవమనండి. అడగండి బాబూ. నన్ను ఏం చేసినా చెయ్యండి."

"నిన్ను సేసేది ఎలాగా తప్పదు," అన్నాడు. తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. "తలుపు పక్కన ఆగే గది ఉన్నాది. ఏడు రోజులు ఉంచుతారు. రాస్తాను."

రోజు 2282

గవరయ్య నీళ్ళ బండిలో తీసుకెళ్ళాం. మెట్ట ఊటనీళ్ళే మాకు తాగడానికి తెస్తారు, అందుకని బండి రోజూ పైకి పోతుంది. ఎర్నమ్మ ఖాళీ పీపాల మధ్య కూర్చుంది, నేను తడబడుతూ అప్పా అని పిలిస్తే మొహం తిప్పుకుంది.

"నాకూ మొదట్లో నోరు తిరగనేదు," అన్నాడు గవరయ్య వెనక్కి చూడకుండానే. "తమ్ముణ్ణి అన్నా అనడానికి. అలవాటైపోద్ది."

తలుపు దగ్గర రాసుకునే ఆమె మా ఇద్దరినీ చూసి, పెద్దది ఎవరని అడిగింది. ఎర్నమ్మ నన్ను చూపించింది. నేను దాన్ని చూపించాను. ఆమె విసుక్కుని, కాగితంలో చూసుకుని, ఎర్నమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. అది వెనక్కి తిరగలేదు. నడుస్తుంటే ఒక భుజం ఒరిగిపోతోంది. ఈ నెలల్లో ఆ భుజం ఎప్పుడు ఒరిగిందో నేను చూడలేదు.

రోజు 2286

కొలత గది పారమ్మకి ఇచ్చారు. మంచిదే, నెమ్మదస్తురాలు. నాకు మూడో మడి.

మడ్డి మోకాలి దాకా ఉంటుంది. కుళ్ళిన మందుల వాసన. ముసుగు కట్టుకుంటే ఊపిరాడదు, కట్టుకోకపోతే గొంతు మండుతుంది. నేను కట్టుకోవడం లేదు. గదిలోంచి వచ్చేటప్పుడు ఒక చేదు సీసా కొంగున దాచుకొచ్చాను. పొద్దున పారమ్మ వేసే నాలుగు కాక, సాయంత్రం ఇంకో నాలుగు వేసుకుంటున్నాను. నాలుక పొక్కింది. దానికి పొక్కిన చోటే.

ఎందుకంటే నాకూ సరిగ్గా తెలియదు. దాన్ని తిప్పి పంపేస్తే ఇద్దరం ఒకలాగే ఉందామని. లేకపోతే తొందరగా పెరిగి పెరిగి, దాన్ని దాటిపోయి, మళ్ళీ దానికి అప్పనైపోదామని. పదేళ్ళు ఆగడం కన్నా ఇదే దగ్గర దారిలా అనిపిస్తోంది. ఇంట్లో చెంబు కనపడకపోతే అడిగేవాళ్ళు లేరు.

పారమ్మ ఇవాళ నన్ను కొలిచింది. ముప్ఫై ఎనిమిది. నాలుగు రోజుల్లో నాలుగేళ్ళు. సంతోషం వేసింది. ఆ సంతోషానికి భయం వేయాల్సింది, వేయలేదు.

రోజు 2289

ఇవాళ దాన్ని కొలిచి ఉంటారు. అరవై ఒకటి ఎంతకి దిగాలో నాకు తెలుసు, దిగుతుందో లేదో తెలియదు. ఆరేళ్ళు ఈ పని చేశాను, ఒక్క అంకె కోసం ఇలా ఎప్పుడూ ఆగలేదు. నా దగ్గరికి వచ్చిన వాళ్ళందరూ ఇలాగే ఆగి ఉంటారు. నేను పేరు పిలిచి తర్వాతి మనిషిని రమ్మనేదాన్ని.

రోజు 2290

మధ్యాహ్నం నీళ్ళ బండి కట్ట దిగడం మడిలోంచే కనపడింది. గవరయ్య ఒక్కడే ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. బండిలో పీపాలు తప్ప ఇంకేమీ లేదు. అయినా నమ్మలేక, మడ్డి కాళ్ళతోనే పరిగెత్తి పీపాల వెనక చూశాను.

"నేదు. అక్కడే ఉంచీసినారు," అన్నాడు గవరయ్య. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసిచ్చాడు. చేతులు మడ్డిగా ఉన్నాయని, తుడుచుకోవడానికి తన తుండు కూడా ఇచ్చాడు.

ఎర్నమ్మ రాత. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, కళ్ళు సరిగా ఆనడం లేదు కాబట్టి.

"చెల్లీ,

యాబై ఎనిమిది. ఉండమన్నారు. మూడే తగ్గినాది. మిగిలింది ఇంక నాదే, అది పోదు. ఏడుపొచ్చినాది, ఏడిసేసినాను. నువ్వు ఏడవకు.

గవరయ్య సెప్పినాడు, నువ్వు ముసుగు కట్టట్నేదంట. నాలిక పొక్కి మాటాడలేకపోతన్నావంట. ఎందుకు పొక్కినాదో నాకు తెల్దా?

నువ్వు నా కాళ్ళు కడిగినావు. పదిమందిలో అప్పా అన్నావు. మరైతే నా మాట ఇనాల. ముసుగు కట్టు. చుక్కలు పారమ్మ ఏసినన్నే ఏసుకో, ఇంకొక్కటి వొద్దు. ఎక్కడో సీసా దాసే ఉంటావు, పారబొయ్యి. పదేళ్ళు మెల్లగా బతుకు. అరవై లోపల ఇక్కడికి రావాల. తొందరేటీ నేదు. నాను ఆగుతాను."

బండి పక్కనే కూర్చుని లెక్క వేసుకున్నాను. ముప్ఫై ఎనిమిది. అరవై దాకా ఇరవై రెండు. పదేళ్ళు. ఏడాదికి రెండేళ్ళ కంటే కాస్తే ఎక్కువ. మడిలో మూడు నాలుగు పెరుగుతాయని నేనే రాశాను. ముసుగు విప్పకుండా, ఎండ పూట నీడకి పోయి, ఒంటి మాట వింటే కుదురుతుందేమో. కుదరకపోవచ్చు కూడా.

అయినా వరస వరసే. పెద్దదాని మాట కాదనడానికి లేదు. సీసా తీసుకెళ్ళి మూడో మడిలో ఒంపేశాను.

రోజు 2301

ముసుగు కట్టుకుని పని చేశాను. ఊపిరాడలేదు, అయినా విప్పలేదు. చుక్కలు నాలుగు.

సాయంత్రం కొలత. పారమ్మ అంకె పైకి చదివింది, నేను ఇంకోసారి చదవమన్నాను. ముప్ఫై ఆరు. రెండు దిగింది.

రేపు గవరయ్య బండి పైకి పోయేముందు ఈ సంగతి అప్పకి రాసి పంపాలి. అక్షరాలు పెద్దవిగా రాయాలి.